మంచు పటాలకు గోడ ఇచ్చిన భాయి

నల్లమాడలో సాయంత్రపు సువార్త కూడికకు మైకు సరిచేసుకుంటూ ఉంటే, ధర్మవరం బస్సు దిగిన ఒక నేతగాడు జనాన్ని తప్పించుకుంటూ వచ్చి, పటాలు కట్టే భాయి మధ్యాహ్నం పోయాడని చెప్పాడు. అన్నం తిని చాప మీద ఒరిగినవాడు మళ్ళీ లేవలేదట. ఆ రోజు మాట్లాడటానికి వాక్యం తీసి పెట్టుకున్నాను. పుస్తకం మూసేశాను. ఒక పాట పాడించి, ప్రార్థన చేసి, జనాన్ని పంపేశాను. నేను గొంతు ఎత్తకుండా వేదిక దిగడం ఎప్పుడూ చూడలేదని మావాళ్ళు ఇప్పటికీ అంటున్నారు. అననివ్వండి.

మీలో ఎంతోమంది ఇళ్ళలో గోడకున్న పటానికి చెక్క కోసింది ఆయన చెయ్యే. ధర్మవరంలో పట్టుచీరల అంగళ్ళ వరుస దాటాక, ఒక మనిషి కాళ్ళు చాపుకుంటే నిండిపోయేంత అంగడి. పెళ్ళి ఫోటోలు, దేవుళ్ళ పటాలు, కాలం చేసిన పెద్దల ఫోటోలు, అన్నీ అక్కడికే వచ్చేవి. ఊళ్ళో ఎవరు పోయినా, పాడె కట్టేవాడి తర్వాత కబురు అందేది ఆయనకే.

నేను ఆయన్ను మొదట చూసింది తిట్టడానికి పోయి. అప్పట్లో నా రక్తం వేడి. పగలంతా మగ్గం, పొద్దు వాలితే వీధి. మగ్గం పక్క గూట్లో బైబిలు గ్రంథం పెట్టుకుని అందులోనే అక్షరాలు నేర్చుకున్నవాణ్ణి. చేతులతో చేసిన రూపాలకు మొక్కవద్దన్న ఆజ్ఞ పట్టుకుని, ఒక ఆదివారం మిట్టమధ్యాహ్నం ఆ అంగడి ముందు నిలబడి అరిచాను. ఆయన మేకు దించడం ఆపి, కాసేపు విని, స్టూలు ఒకటి తెచ్చి నీడలో వేశాడు.

"నీడకొచ్చి తిట్టన్నా. ఎండలో నిలబడి తిడితే దెబ్బ నీకే."

నీళ్ళిచ్చాడు, తాగాను. ఆజ్ఞ విషయంలో నేను ఇప్పటికీ అక్కడే ఉన్నాను, ఒక్క అడుగు వెనక్కి తీయలేదు. స్టూలు మాత్రం ఆ రోజు నుంచి నాదైపోయింది.

ఆయన కూడా తన గ్రంథం ఎరిగినవాడే. ఇంటి గోడకు మనిషి బొమ్మ పెట్టేవాడు కాదు. అంగడిలో కట్టేది కూటికి, ఇంటి గోడ నమాజుకు అనేవాడు. అద్దం మీద నోటి ఆవిరి ఊది, నా మగ్గం నుంచి తీసుకుపోయిన పట్టుగుడ్డ ముక్కతో తుడిచేవాడు. పోయినవాళ్ళ ఫోటో చేతిలో ఉన్నంతసేపు బీడీ వెలిగించేవాడు కాదు. ఎందుకని అడిగితే, "చూస్తాంటారు కదన్నా" అన్నాడొకసారి.

ఒక కరువు ఏడు, దొరల కాలం నాటి బంగళా ఒకటి ఖాళీ చేస్తూ సామాను అమ్మేస్తున్నారని తెలిసి, పాత టేకు చెక్క కోసం పోయిన భాయి దానితోపాటు ఒక అట్టపెట్టె తెచ్చాడు. నిండా పెద్ద పెద్ద నలుపు తెలుపు ఫోటోలు. భూమి చివర మంచులోకి పోయిన తెల్లవాళ్ళవి. ఎద్దులకు పలుపు కట్టినట్టు రొమ్ములకు పట్టీలు బిగించుకుని బండి లాగుతున్న మనుషులు. గడ్డాలకు మంచు గడ్డకట్టిన మొహాలు. మంచులో ఇరుక్కుని కదలని ఓడ, దాని ముందు గుంపుగా నిలబడ్డ ఓడవాళ్ళు. ప్రతిదాని కింద ఇంగ్లీషులో ఏదో రాసి ఉంది. మా ఇద్దరికీ ఇంగ్లీషు రాదు.

మంచు గిడ్డంగుల్లోకి నువ్వు ఎప్పుడైనా పోయావా అని దేవుడు యోబును నిలదీసే చోటు నాకు కంఠతా వచ్చు. వీధుల్లో ఎన్నిసార్లు గర్జించానో. కానీ నేను చూసిన తెలుపల్లా మా చేలల్లో ఎండకు తేలే చౌడు. ఆ ఫోటోలు ఒక్కొక్కటే ఎత్తి వెలుతురుకు పట్టి చూశాను.

భాయి వాటికి టేకు కట్టి అమ్మకానికి పెట్టాడు. ఎండాకాలం గోడకు తగిలిస్తే కంటికి చలువ అని చెప్పేవాడు. బెళుగుప్ప నుంచి వచ్చిన వేరుశెనగ రైతు ఒకాయన బండి లాగే మనుషుల పటం ముందు నిలబడి, "ఇంత చౌడు మాకు గూడా లేదప్పా. ఏం పండిచ్చుకుంటారో పాపం, ఎద్దులు గూడా అమ్ముకున్నట్టుండారు" అని జాలిపడి, ఆ జాలి మీదే కొనుక్కుపోయాడు. ఆ వేసవిలో మా నేత వీధుల్లో ఇంటికొక మంచు పటం ఎక్కింది. మగ్గం మీద చెమట కారుస్తూ తలెత్తితే ఎదురుగా మంచు. నేనూ ఒక ఓడ పటం ఇంట్లో పెట్టుకున్నాను, మనుషులు లేనిది.

తర్వాత ఏం జరిగిందో విన్నారంటే మనవాళ్ళు ఎలాంటివాళ్ళో మీకు తెలుస్తుంది. అనంతపురం కాలేజీ లెక్చరర్ ఒకాయన తన డిగ్రీ పట్టా ఫోటో కట్టించుకోవడానికి వచ్చి, గోడకున్న బండి లాగేవాళ్ళ పటం కింద రాసింది చదివి, వీళ్ళు భూమి కొసదాకా పోయారనీ, తిరిగొస్తూ దారిలో డేరాలోనే చనిపోయారనీ మాటవరసకు చెప్పాడు. పక్కన ఎవరో విన్నారు. వారం తిరక్కముందే పటాలు వెనక్కి రావడం మొదలుపెట్టాయి. పోయినవాళ్ళ పటం బొట్టూ దండా లేకుండా గోడకు ఉండకూడదు, మరి ముక్కూ మొహం తెలియనివాళ్ళకు మనం బొట్టెట్లా పెడతాం? ఒక ముసలమ్మ పటం అరుగు మీద ఆనించి, ఇంతకాలం ఎవరింటి పీనుగనో తన నెత్తిన పెట్టాడని భాయిని నానా మాటలూ అంది. ఆయన ఒక్కరితోనూ వాదించలేదు. అన్నిటినీ తీసుకున్నాడు. నేనైతే మూఢనమ్మకం మీద ఒక సాయంత్రమంతా దుమ్మెత్తిపోశాను. నా పటం మాత్రం నేను తిరిగివ్వలేదు.

తర్వాత ఒకరోజు ఆయన ఇంటికి పోతే, మనిషి బొమ్మ ఎరగని ఆ గోడ నిండా వాళ్ళే. నమాజు చేసే పడమటి గది వదిలేసి, ముందుగదిలో నేల నుంచి దూలం దాకా. ఇదేంటి భాయ్, నీ నియమం ఏమైందని అడిగాను.

"ఇల్లు చేరనోళ్ళు గదన్నా. ఎవురింట్లోనో ఒకరింట్లో ఉండల్ల గదా" అన్నాడు.

ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు. ఆయనకు ఒక్కడే కొడుకు. ఈ పటాలు రాకముందు వచ్చిన కరువులో అంగడి బేరం పడిపోతే, బొంబాయి పోయి అక్కడి నుంచి లాంచీలో దుబాయి పోతానని బయలుదేరాడు. లాంచీ ఎక్కడం కళ్ళారా చూశానని తోడుపోయినవాడు తిరిగొచ్చి చెప్పాడు. అంతే. ఆ తర్వాత ఏళ్ళు గడిచాయి, మాట లేదు. నేను యాకోబు సంగతి ఎత్తేవాణ్ణి. యోసేపు చనిపోయాడని నమ్మి, ఎవరు ఓదార్చినా ఓదార్పు పొందని ఆ తండ్రికి చివరికి కొడుకు బతికే ఉన్నాడన్న కబురు వచ్చింది కదా అని. ఆయన గ్రంథంలోనూ ఆ తండ్రి యాకూబు పేరుతో ఉన్నాడు. ఏడ్చి ఏడ్చి కళ్ళు తెల్లబడ్డాయని ఉంది. భాయి అంతా వినేవాడు. "యాకూబుకు కొడుకుదని రక్తం పూసిన చొక్కా అన్నా తెచ్చి చూపించినారన్నా" అనేవాడు. 

కొడుకు పోయే ముందు స్టూడియోలో తీయించుకున్న పాస్‌పోర్టు ఫోటో ఒకటి ఇంట్లో మిగిలింది. తల్లి దాన్ని బియ్యం డబ్బాలో పెట్టుకుని రోజూ తీసి చూసుకునేది. అంచులు మెత్తబడ్డాయి. దానికి అద్దం వేసి గోడకు పెట్టమని ఆమె పోరు. ఊరందరి ఫోటోలూ కట్టే చేతికి ఇదొక్కటి కట్టడానికి రాలేదు. ఆమె నన్ను మధ్యవర్తిగా పిలిచింది.

"చూసుకోడానికన్నా. పోయినాడని కాదు. ఆయప్పకు నువ్వు చెప్పు" అంది.

ఆయన చెక్క మీద నుంచి తలెత్తలేదు. ఒంటిగా అద్దంలో ఉన్న మొహాన్ని చూసి వచ్చినవాళ్ళు ఏమనుకుంటారో తనకు తెలుసన్నాడు. ఎప్పుడు పోయినాడని అడుగుతారు. అడిగిన ప్రతిసారీ వాడు ఒకసారి పోయినట్టే. తన చేత్తో వాణ్ణి పోయినవాళ్ళ వరుసలో పెట్టలేనన్నాడు. ఆమె కొంగు నోట్లో కుక్కుకుని లోపలికి పోయింది. ఇద్దరిదీ న్యాయమే. న్యాయం చెప్పడం నాకు అలవాటు. ఆ రోజు కాళ్ళీడ్చుకుంటూ ఇంటికొచ్చాను.

కొన్నాళ్ళకు భాయి ఓడ ముందు గుంపుగా నిలబడ్డవాళ్ళ పటం గోడ మీద నుంచి దించి, గుడ్డలో చుట్టి నా చేతికిచ్చాడు. అనంతపురం పోయి ఆ లెక్చరర్‌ను కలవమన్నాడు. ఆయన చదివింది బండి లాగేవాళ్ళ పటం కింది రాతే, ఓడవాళ్ళ సంగతి చెప్పలేదన్నాడు.

"వీళ్ళు ఇల్లు చేరినారో లేదో కనుక్కో. చేరింటే నా అంగడి ముందర నుంచి నడిచిరా. చేరకపోయింటే వెనక సందులో ఇంటికి పో. నాకేం చెప్పొద్దు."

బస్సులో పటం ఒళ్ళో పెట్టుకున్నాను. కండక్టరు గుడ్డ తొలగించి చూసి, ఇంతమందిని ఎక్కించినావు, టికెట్లెవురు తీస్తారు సామీ అని నవ్వించబోయాడు. నాకు నవ్వు రాలేదు. లెక్చరర్ ఏం చెబుతాడోనన్న భయం కంటే, సందు దారిన పోవాల్సి వస్తుందేమోనన్న భయం ఎక్కువగా ఉంది. మరణాన్ని గురించి వందల కూడికల్లో మాట్లాడినవాణ్ణి.

లెక్చరర్ మంచివాడు. కాలేజీ లైబ్రరీ నుంచి లావుపాటి పుస్తకం తెప్పించి, తెలుగులో చెప్పుకుంటూ పోయాడు. బండి లాగినవాళ్ళు వేరట, ఈ ఓడవాళ్ళు వేరట. మంచు ఓడను పిండి పిండి ముక్కలు చేసిందట. మనుషులు మంచుగడ్డల మీదే నెలల తరబడి బతికారట. తర్వాత చిన్న పడవల్లో ఒక రాతి దీవికి చేరారు. నాయకుడు కొందరితో ఒక పడవలో సముద్రం దాటి సాయం వెతుక్కుంటూ పోయాడు. పోయినవాడు మళ్ళీ వచ్చాడు. ఇళ్ళలో ఆశ వదిలేసుకున్నాక, ఆ ఓడవాళ్ళు ఒక్కరు తగ్గకుండా తిరిగొచ్చారు. ఒక్కరూ తగ్గలేదా అని నేను రెండుసార్లు అడిగాను.

ధర్మవరంలో బస్సు దిగి ఆయన అంగడి ముందు నుంచే నడిచాను. వీధి మొదట్లోనే నన్ను చూశాడు. చేతిలో సుత్తి కింద పెట్టి, గడప పట్టుకుని నిలబడ్డాడు. నేను దగ్గరికి పోయి కథంతా చెబుతుంటే ఆయన విన్నాడో లేదో తెలియదు. నా కాళ్ళకేసే చూస్తున్నాడు.

ఆ సాయంత్రం బియ్యం డబ్బాలోంచి ఫోటో బయటికి వచ్చింది. భాయి దానికి వేరే ఫ్రేము కట్టలేదు. ఓడవాళ్ళ పటం కింది మూలలో, అద్దానికీ చెక్కకూ మధ్య సందులో, ఒక అంచు పట్టేలా దూర్చాడు. మనమంతా చుట్టాల ఫోటోలు దూర్చుకునేది అక్కడే కదా. గుంపులో ఉన్నోనికి దండ ఎవురూ వెయ్యరని భార్యతో అన్నాడు. ఆమె దగ్గరికి పోయి చూసి, చలి ప్రదేశంలో బిడ్డను పల్చని చొక్కాతో నిలబెట్టినావు కదయ్యా అంది. చాలా ఏళ్ళకు ఆ ఇంట్లో ఇద్దరూ కలిసి నవ్వడం విన్నాను.

కొడుకు రాలేదు. అది కూడా మీకు చెప్పాలి. నా ప్రార్థనలో లోపమని కొందరు, ఆయన నమాజులో లోపమని కొందరు అన్నారు. అన్నవాళ్ళ నోళ్ళను దేవుడే చూసుకుంటాడు. భాయి మాత్రం ఇంటికి ఎవరొచ్చినా ఆ పటం చూపించి, వీళ్ళంతా తిరిగొచ్చినోళ్ళు అని పరిచయం చేసేవాడు.

మట్టి చేసిన మూడో రోజు, పోయినవాళ్ళ కోసం చదివే ఫాతిహాకు నేనూ పోయాను. పెద్దలు గ్రంథం చదవబోతూ, బొమ్మలున్న గదిలో కుదరదన్నారు. మర్యాదగానే అన్నారు. కుర్రవాళ్ళు పటాలన్నిటినీ గోడకు తిప్పేశారు. చెక్క వీపులు, మేకులు, బూజు. ఓడవాళ్ళ దగ్గరికి వచ్చేసరికి భాయి భార్య లేచి, దాన్ని దించుకుని వంటింట్లోకి తీసుకుపోయింది. చదవడం అయ్యాక నన్ను పిలిపించింది. పొయ్యి పక్క పీట మీద కూర్చుని పటం ఒళ్ళో పెట్టుకుని ఉంది. నా చంకలో గ్రంథం ఉంది. ఓదార్పు వాక్యం కోసం వేలు పెట్టి ఉంచుకున్న చోటు కూడా ఉంది.

"అది తర్వాత చదువుదువులే అన్నా. వీళ్ళ కత చెప్పు" అంది.

చెప్పాను. ఓడ విరగడం, మంచు మీద బతకడం, పడవలు, రాతి దీవి, పోయినవాడు తిరిగి రావడం. నాకు తెలిసిందంతా చెప్పాను. నా గొంతు అంత మెల్లగా వస్తుందని నాకే తెలియదు. ఆమె చివరిదాకా విని అడిగింది:

"ఇంటికి పోయేసరికి తలుపు తీసేకి ఎవురుండిరంట?"

లెక్చరర్ అది చెప్పలేదు. నేను అడగలేదు. తెలియదమ్మా అన్నాను.

ఆమె కొంగుతో అద్దం మీద దుమ్ము తుడుస్తోంది. మూలకు వచ్చేసరికి చెయ్యి నెమ్మదించింది. ఫోటో ఊడి పడకుండా దాని చుట్టూ అంచు వెంబడి ఒక్క వేలితో తుడిచింది.

"అమ్మ ఉండింటాదిలే" అంది.