గ్రహణపు నీడలో ముగ్గురు, వంటగదిలో ఒకరు

ఐర్లండులోని స్లైగోలో మా తెలుగువాళ్ళం నెలకొకసారి కలుసుకునే హాలు ఒక చర్చిది. వెనకాల చిన్న వంటగది ఉంటుంది. ఆ ఆదివారం సాయంత్రం, మనుషులు చంద్రుడి మీదికి వెళ్ళిన చరిత్రను పిల్లలకు చెప్పమని నన్ను పిలిచారు. ఆ రోజే చంద్రగ్రహణం. ఇక్కడ చంద్రుడు గ్రహణంతోనే ఉదయిస్తాడు. ఉపన్యాసం ముగించి పిల్లల్ని బయటికి తీసుకెళ్ళి చూపిద్దామనుకున్నాను. ముందే చెబితే సగంమంది రారని తెలుసు గనుక ఎవరికీ చెప్పలేదు.

ఉపన్యాసం బాగానే సాగింది. ఆరుసార్లు దిగారని, పన్నెండుమంది నడిచారని, 1972 తరవాత మరెవరూ అక్కడ కాలు పెట్టలేదని చెప్పాను. ఎగరకముందే నేలమీద పరీక్షలో మంటలంటుకుని చనిపోయిన ముగ్గురి సంగతీ దాచలేదు. ఒక పాప లేచి, అచ్చమైన ఐరిష్ యాసలో, వాళ్ళు బాత్రూముకు ఎలా వెళ్ళేవారని అడిగింది. సంచుల్లో అన్నాను. హాలంతా నవ్వింది. ఆ తరవాత నేను చెప్పిన గురుత్వాకర్షణ ఎవరి చెవికీ ఎక్కలేదు.

"సరే, పదండి. బయట గ్రహణం పట్టి ఉంది, చూద్దాం" అన్నాను.

నవ్వు టక్కున ఆగిపోయింది. తల్లులు పిల్లల చేతులు పట్టుకున్నారు. గ్రహణం పదింటికి కదా అని ఒకావిడ ఫోను నా ముఖం ముందు పెట్టింది. పట్టు రాత్రి పదికి, విడుపు ఒంటిగంట దాటాక, గర్భిణులు కత్తి పట్టరాదు, ఏమీ తినరాదు. ఇండియా నుంచి వచ్చిన ఆ కాగితం ఫొటో మా వాట్సాప్ గ్రూపులో రెండు రోజులుగా తిరుగుతోందట. అందులో ఉన్నది అక్కడి గడియారం. నాలుగున్నర గంటల తేడా ఒక్కరూ తీసెయ్యలేదు. అమ్మకు ఫోను చెయ్యాలంటే అక్కడ టైమెంతైందో తడుముకోకుండా చెప్పే మనుషులు వీళ్ళు. భయం దగ్గరికి వచ్చేసరికి ఆ కూడికా తీసివేతా ఏమయ్యాయి? ఇక్కడ సాయంత్రం అయిదున్నరకే పట్టిందని, ఇంకో ముప్పావుగంటలో విడుస్తుందని చెప్పాను.

వంటగదిలో ఏదో కింద పడిన చప్పుడైంది.

వెళ్ళి చూస్తే, ఏడో నెల గర్భిణి అయిన ఒక నర్సు గట్టు పట్టుకుని నిలబడి ఉంది. కత్తి నేలమీద ఉంది. గట్టుమీద గిన్నెనిండా కీరాముక్కలు. పదింటిదాకా ఏ భయమూ లేదనుకుని, అందరికోసం గంటసేపటి నుంచి కోస్తూ కూర్చుందన్నమాట. కిందటేడు అయిదో నెలలో ఆమెకు కడుపు పోయిన సంగతి మా అందరికీ తెలుసు. అందుకే ఆ గదిలోకి ఎవరూ గబుక్కున అడుగుపెట్టలేకపోయారు. నా వెనకాలే ఆమె భర్త వచ్చాడు. అతను డాక్టరు.

ఆమె అతనితో చాలా మెల్లిగా, "ఇన్సులిన్ వేసేసుకున్నానండీ" అంది.

గర్భంతో వచ్చిన షుగరు, మందూ మోతాదూ భర్తే చూసుకుంటున్నాడు. భోజనం పెట్టేస్తున్నారని పది నిమిషాల క్రితమే సూది వేసుకుంది. చపాతీల పళ్ళెం ముందే ఉంది. వెంటనే తినాలి. ఆ మాట నేను చెప్పాలా? ఇంట్లో డాక్టరున్నాడు, తను నర్సు.

"ముప్పావుగంటే కదా. ఆగు" అన్నాడు భర్త.

నా చెవులను నేను నమ్మలేదు. మా ఊళ్ళో హేతువాద సభల్లో బాబాలతో వాదించాను, జ్యోతిష్కులతో వాదించాను. ఇన్సులిన్ ఏం చేస్తుందో గంట గంటకూ రోగులకు చెప్పే మనిషి, సూది పడ్డాక భార్యను పస్తుండమనడం మాత్రం ఏనాడూ వినలేదు. మీరు క్రైస్తవులు కదయ్యా, పొద్దున్నే ప్రార్థనకు వెళ్ళొచ్చారు కదా అన్నాను.

"గ్రహణం దేవుడి సంగతి కాదంకుల్, కడుపు సంగతి. పోయినసారి ఏం జరిగిందో మీకు తెలుసు. మళ్ళీ అది చూసే ఓపిక నాకు లేదు."

గ్రహణమంటే భూమి నీడ, అంతకుమించి ఏమీ లేదన్నాను. చంద్రుడి మీద రెండోసారి దిగిన యాత్ర నుంచి తిరిగొస్తున్న ముగ్గురు మనుషులు దారిలో ఆ నీడలోనే ప్రయాణించారని, భూమి సూర్యుణ్ణి కప్పెయ్యడం కిటికీలోంచి కళ్ళారా చూశారని, క్షేమంగా ఇళ్ళకు చేరారని చెప్పాను. అతను, అసలు వెళ్ళారో లేదో ఎవరు చూశారు, గాలి లేనిచోట జెండా ఎందుకు ఊగింది అని మొదలుపెట్టాడు. వాళ్ళు తెచ్చిన రాళ్ళను ప్రపంచమంతా పరీక్షించింది. దాన్ని నమ్మడు. ఎవరో పంపిన కాగితాన్ని, అదీ తప్పు టైముతో, నమ్ముతాడు. నా గొంతు పెరిగింది. జెండాకు అడ్డంగా కడ్డీ ఉందనీ, గాలి లేదు కాబట్టే ఆ ఊపు ఆగలేదనీ అరుస్తూ చెబుతుంటే ఆమె ఫోను కీచుమని మోగింది. చేతికి అతికించుకున్న షుగర్ మీటరు హెచ్చరిక అది. అంకె పడిపోతోంది. ఆమె పైపెదవి మీద చెమట పట్టింది.

"అంకుల్, వాళ్ళు ఆ నీడలో ఉన్నప్పుడు ఏమైనా తిన్నారా?" అని ఆమె అడిగింది.

తిన్నారని ఒక్క మాట అంటే సరిపోయేది. కానీ ఆధారం లేని మాట అనకూడదని జీవితమంతా ఎదుటివాళ్ళను నిలదీసినవాణ్ణి.

"తెలియదమ్మా. ఫొటోలు తీశారని తెలుసు. తిన్నారో లేదో నేనెక్కడా చదవలేదు. నీ షుగరు పడిపోతే నీకూ బిడ్డకూ ఏమవుతుందో మాత్రం నాకంటే నీకే బాగా తెలుసు."

ఆమె నావైపు చూడలేదు. ఫోనులోని అంకెను చూసింది, వార్డులో పక్కమీదున్న రోగి అంకెను చూసినట్టు. అలమర తలుపు తీసి, పిల్లల కోసం దాచిన ఆరెంజ్ జ్యూస్ పెట్టె అందుకుంది. భర్త చెయ్యి చాచాడు. ఆపడానికో, మూత తియ్యడానికో అతనికే తెలియలేదనుకుంటాను. ఆమె తనే మూత తీసుకుని, కళ్ళు మూసుకుని, పొట్టమీద ఒక చెయ్యి వేసుకుని తాగింది. తాగుతున్నంతసేపూ వణుకుతూనే ఉంది. నా వాదన ఆ భయాన్ని ఒక్క పిసరు కూడా తగ్గించలేదు. ఆమె దాన్ని పెట్టుకునే తాగింది.

కాసేపటికి ఫోను ఊరుకుంది. ఆమె కుర్చీ లాక్కుని చపాతీ తుంచింది. బయట చంద్రుడింకా కొరికేసినట్టే ఉన్నాడు. పిల్లలు కిటికీకి ముక్కులు ఆనించి చూస్తున్నారు.

రెండు ముద్దలు మింగాక భర్తతో అంది:

"ఇక నా షుగరు మీరు చూడొద్దు. రేపు క్లినిక్‌లో చెప్పేస్తాను, వాళ్ళే చూసుకుంటారు."

గొంతులో కోపం లేదు. డ్యూటీ మారేటప్పుడు పక్క నర్సుకు అప్పగింతలు చెప్పినట్టు చెప్పింది. ఆమె రెండో చపాతీ తీసుకుంది.