తరగని ఘాటు సీసా

చలి మొదలైందంటే ఆ ఇంటి వంటగదిలో రెండు చప్పుళ్ళు వినిపించేవి. ఒకటి రోట్లో అల్లం నలుగుతున్న చప్పుడు. అది చిన్నావిడది. రెండోది మూకుడు అంచుమీద గరిటె టకటకమన్న చప్పుడు. అది ఆమె తోడికోడలు పెద్దావిడది. గరిటె మోగిందంటే పాకం కుదిరినట్టే, పొయ్యి ఆపెయ్యాలి.

అల్లం, మిరియాలు, ఎండుమిర్చి, వెల్లుల్లి, వాము మెత్తగా దంచి, బెల్లం పాకంలో మూకుడుకి అంటుకోకుండా ముద్దయ్యేదాకా కలిపేవారు. ఇంట్లో దాని పేరు 'ఘాటు'. వేడి పప్పుకట్టులో వేసుకుంటే చెవుల్లోంచి ఆవిరి వచ్చేది. ఉత్తగా చప్పరిస్తే దగ్గు తగ్గేది. చిన్నావిడను మాత్రం పెద్దావిడ పొయ్యి దగ్గరికి రానిచ్చేది కాదు. "నీది తొందర చెయ్యే తల్లీ. నువ్వు దంచు, చాలు" అనేది.

ఈసారి చలి రాకముందే పెద్దావిడ పోయింది.

ఆమె చేతి ఘాటు అలమరలో ఒకే ఒక్క సీసా మిగిలింది. ఆమె భర్తకి, అంటే చిన్నావిడ బావగారికి, మంచు పడితే దగ్గు. వీధి గదిలో కూర్చుని గొడుగులు బాగుచేస్తాడు. ఊచ బిగించే చెయ్యి దగ్గు తెరకి వణికి, బిగించిందంతా ఊడి వచ్చేది. అయినా ఆ సీసాలోంచి గోరంత నాకి మూత పెట్టేసేవాడు.

"ఇంకాస్త తీసుకోండి బావగారూ."

"అయిపోతుందమ్మాయ్."

"అయిపోతే నేను చేస్తానుగా."

"నువ్వు చేస్తే అది నీదవుతుంది" అన్నాడు, సీసాని పంచె చెంగుతో తుడుస్తూ.

ఆ మాట ఆమెకి తిట్టులా తగల్లేదు. నిజంలా తగిలింది, అది ఇంకా బరువు. మర్నాడు తెల్లారకముందే, ఆయన పక్క గదిలో పడుకుని ఉండగానే, తనే దంచి, తనే పాకం పట్టి, చల్లారాక పాత సీసాలో పాతదానిమీద కలిపేసింది. సీసా నిన్నటికన్నా వేలెడు నిండింది. ఆయన చూసుకున్నాడో లేదో, ఆరోజు చెంచా నిండా తిన్నాడు. దగ్గు సర్దుకుంది. ఇంకేం, ఆమెకి అదే అలవాటైపోయింది. ఆయన తినడం, ఈమె నింపడం.

సీసా తరగడం లేదని ఆయన కనిపెట్టాడు. చిన్నావిడను అడిగి ఉంటే అక్కడితో పోయేది. అడగలేదు.

ఆ సంగతి ఆమెకి ఇస్త్రీ ఆవిడ నోట తెలిసింది. "ఏమమ్మా, మీ అక్క ఇల్లు వదల్లేదటగా? రోజూ వచ్చి సీసా నింపుతోందని మీ బావగారే చెప్పాడు. మా ఇంట్లో బతికున్నవాళ్ళే చెంబెడు నీళ్ళు నింపి చావరు. ఆవిణ్ణి ఓసారి మా వీధికి కూడా పంపు, దుప్పట్లు మడత పెట్టిపోతుంది!"

చిన్నావిడ నవ్వబోయింది. నవ్వు రాలేదు.

ఆ సాయంత్రం నుంచి బావగారు పని మానేసి, వంటగదిలో పీట వేసుకుని కూర్చోవడం మొదలుపెట్టాడు. కిటికీ బార్లా తీయించాడు. "మూసేస్తే ఎలా వస్తుంది?" అన్నాడు, ఎవరో చుట్టం వస్తున్నంత మామూలుగా. చలిగాలి సూటిగా ఆయన ఛాతీకి తగిలేది. దగ్గు తిరగబెట్టింది, ఈసారి జ్వరం తోడు తెచ్చుకుని.

"చెప్పెయ్యవే" అన్నాడు ఆమె భర్త, బేకరీ నుంచి వచ్చి చొక్కామీది పిండి దులుపుకుంటూ. "లేకపోతే మా అన్నని ఆ కిటికీయే పట్టుకుపోతుంది."

"చెప్తే అక్క మళ్ళీ పోయినట్టు కాదూ?"

ఆయన చొక్కా విప్పి, ఇంకా దులుపుకుంటూ పెరట్లోకి వెళ్ళాడు.

మర్నాడు పొద్దున బావగారు గోడ పట్టుకుని వంటగదిలోకి వచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, ముఖం మాత్రం వెలిగిపోతోంది. "విన్నానమ్మాయ్. తెల్లారకట్ల గరిటె చప్పుడు. టకటకమని. నీ చెయ్యి కాదది."

చిన్నావిడ చేతిలోని గిన్నె కింద పెట్టేసింది. తెల్లారకట్ల పొయ్యి దగ్గర ఉన్నది తనే. కానీ గరిటె మోగించిన జ్ఞాపకం లేదు. తను ఎప్పుడూ మోగించలేదు. పగలంతా వంటగదిలో వెనక్కి తిరగాలంటే భయమేసింది. అక్కంటే భయమా అని తనని తనే తిట్టుకుంది, అయినా తిరగలేదు.

సాయంత్రం ఆయన మళ్ళీ పీట వేసుకున్నాడు. పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. కిటికీ వైపు చూస్తున్నాడు. ఆమె వెళ్ళి కిటికీ రెక్కలు దగ్గరికి లాగి మూసేసింది.

"తియ్యి!"

"తియ్యను. ఎవరూ రారు బావగారూ. సీసా నింపుతున్నది నేను. మీరు తినడం లేదని మొదటిరోజు కలిపాను. తరవాత ఆపలేకపోయాను."

"అబద్ధం. నేను విన్నాను."

"అయితే కూర్చుని చూడండి."

రోలు ఆయన ముందుకే లాక్కుని దంచింది. మిరియాల ఘాటుకి ఇద్దరి కళ్ళూ నీళ్ళయ్యాయి, ఆ నీళ్ళు దేనివో ఎవరూ అడక్కుండా సరిపోయింది. పొయ్యి వెలిగించి బెల్లం కరిగించింది. ముద్ద వేసి తిప్పింది. పాకం చిక్కబడి, గరిటె బరువెక్కి, మూకుడు అడుగు కనబడింది.

టకటక.

ఇద్దరూ గరిటె వైపు చూశారు. అది చిన్నావిడ చేతిలోనే ఉంది, మూకుడు అంచుమీద. కొట్టాలని ఆమె అనుకోలేదు. కొట్టినట్టు చేతికైనా తెలుసో లేదో.

బావగారు గరిటె మీంచి చూపు ఆమె ముఖంమీదికి తెచ్చాడు. తరవాత, "పొయ్యి ఆపు" అన్నాడు మెల్లగా. "మోగాక ఉంచకూడదు."

ఆపింది. కాస్త చల్లారాక ఆయన అరచెయ్యి చాపాడు. సీసా అడక్కుండా, మూకుట్లోంచే చెంచాడు పెట్టించుకుని చప్పరించాడు. దగ్గు తెర వచ్చి, వెళ్ళింది.

"పాకం రాకుండానే ముద్ద వేశావు, తొందరపడి" అన్నాడు. లేచి వెళ్తూ గుమ్మంలో ఆగాడు. "ఆ కిటికీ సరిగ్గా పడలేదు. గడియ వెయ్యి."

ఆమె గడియ వేసింది. మూకుడు తోమి, గరిటె కడిగి, అలమరలో బోర్లించబోతూ ఆగిపోయింది. అలా బోర్లించి పెట్టేది అక్క, అది గుర్తుంది. తను ఎలా పెట్టేదో మాత్రం ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు.