బరువు చూసి కొన్న కంప్యూటర్

కంప్యూటర్ డబ్బా మూత తీసినప్పుడు వచ్చే వేడి దుమ్ము వాసనకు ఇప్పటికీ నాకు నవ్వొస్తుంది.

మాది చిత్తూరులో పాత్రల అంగడి. బిందెను చేత్తో ఎత్తి, వేలితో కొట్టి, బరువూ మోతా చూసి ధర చెప్పడం ఎనిమిదో తరగతికే నాకు వచ్చు. కార్ల ఆట కోసం కంప్యూటర్ కావాలని ఏడాది పాటు నాయన ప్రాణం తీశాను. విడిభాగాలు ఏరి బిగించుకుంటే చవకని విని, ఇద్దరం తిరుపతికి బస్సెక్కాం.

అంగడాయన మా దగ్గరున్న డబ్బెంతో విని, "ఇంతలో మంచి కార్డూ, మంచి డబ్బా రెండూ రావప్పా. ఆటలో బొమ్మ ఆగకుండా కదలాలంటే ఈ గ్రాఫిక్స్ కార్డు తీసుకో, డబ్బా మామూలుది ఏస్తా," అన్నాడు.

కార్డును అరచేతిలో తూచాను. గరిటంత బరువైనా లేదు. పక్కనున్న పెద్ద ఇనుప డబ్బాను వేలితో కొడితే ఖంగుమంది.

"ఈ రేకుముక్కకు ఇంత రేటా? మేమూ అంగడోళ్ళమే అన్నా. కార్డొద్దు, ఆ డబ్బా ఇయ్యి."

ఆయన ఇంకేదో చెప్పబోయి, నాయన ముఖంలో గర్వం చూసి స్క్రూడ్రైవర్ అందుకున్నాడు. అన్నీ అందులోనే బిగించి ఇచ్చాడు.

ఇంటికొచ్చి ఆట పెట్టాను. కారు అడుగు కదిలి నిలబడింది. కాసేపటికి ఇంకో అడుగు వేసింది.

నాయన పక్కనే కూర్చుని, "ఏంరా, కారు కదల్దే?" అన్నాడు.

"ఘాట్ రోడ్డు నాయనా. ఎక్కాల గదా."

"అట్నా," అని చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాడు.

ఎవరేం చెప్పినా సగానికి అడిగే మనిషి, నా ఆ ఒక్క మాటను మాత్రం చెప్పిన ధరకే తీసుకున్నాడు.