సిరా పడని తెల్లకాగితం

నాకు ఒట్లు వేసే అలవాటు లేదు. రాసిపెట్టుకునే అలవాటు ఉంది. నమ్మకపోతే నా సర్వీసు డైరీ చూడండి... టైము, నంబర్లు అన్నీ ఉన్నాయి. ఇది జరిగింది. నా కళ్ల ముందే జరిగింది.

బస్తర్‌లో గనులు జోరుగా నడుస్తున్న రోజులు. గీదం దాటాక అడవి దారిలో ఒక చిన్న ఫ్యాక్టరీ. గనులకు పేలుడు మందు పంపేవాళ్లు. అక్కడి ఖాళీ అట్టపెట్టెల షెడ్డులో మా కంపెనీ సిరా యంత్రం బిగించాను. దాని పని తేలిక. బెల్టు మీద పెట్టె వస్తుంది. సెన్సర్‌కు అడ్డం రాగానే 'చిర్ర్'మని సిరా చుక్కలు ఎగిరి దాని మీద నంబరు పడుతుంది. ఒక పెట్టెకు ఒక నంబరు. ఆ నంబరు మళ్లీ రాదు.

ఆ సాయంత్రం లెక్క తప్పింది. 212 నంబరు పెట్టె ఉంది. 220 ఉంది. మధ్యలో ఏడు లేవు.

అట్టపెట్టెలే కదా అనకండి. నంబరున్న పెట్టెలో ఏం పెట్టి పంపినా దారిలో చెక్‌పోస్టు దగ్గర ఎవరూ ఆపరు. బెల్టు దగ్గర పనిచేసేది ముత్తయ్య ఒక్కడే. కోంట వైపు మనిషి, యాభై దాటాయి. ఆ ఏడూ అడవిలో ఎవరికిచ్చావని మేనేజరు నిలదీశాడు. పొద్దున్నే పోలీసు జీపు వస్తుందన్నాడు. నాతో మాత్రం, తెల్లారేసరికి రిపోర్టు కావాలని ఒకే మాట: "సుబహ్ తక్ రిపోర్టు చాహియే."

నాకు తోచిన కారణం ఒక్కటే. ఏ పురుగో సెన్సర్‌కు అడ్డం పడి ఉంటుంది. పెట్టె లేకుండానే యంత్రం ఏడుసార్లు కొట్టి ఉంటుంది. అలాగైతే ఆ సిరా ఎదురుగా ఉన్న రేకు మీద పడాలి. రేకు శుభ్రంగా ఉంది.

"నువ్వేమైనా తుడిచావా?" అన్నాను.

"మీరు జెప్పలే, నేను తుడ్వలే," అన్నాడు ముత్తయ్య.

రాత్రికి పరీక్ష పెట్టాను. బెల్టు ప్లగ్గు పీకేశాను. కిటికీలు మూశాను. సెన్సర్ అద్దం తుడిచాను. రేకు మీద తెల్లకాగితం అంటించాను. యంత్రం ఒక్కటే నడుస్తోంది. నంబరు 486 దగ్గర ఆగి ఉంది.

ముత్తయ్య తలుపు పక్కన నేల మీద కాళ్లు చాపుకుని కూర్చున్నాడు.

"కాయితం మీద సిరా పడితే నేను ఇంటికి. పడకపోతే జీపెక్కుడే. అంతేనా సారూ?"

"అంతే."

"ఏందో... ఇన్నేండ్లు బస్సుల నిలబడే తిరిగిన. పోలీసోళ్ల జీపుల సీటు ఇస్తరేమో."

నవ్వాను. అతనూ నవ్వాడు.

రెండూ పది.

'చిర్ర్...'

సెన్సర్ దీపం ఒక్కసారి ఆరి వెలిగింది. నంబరు... 487.

దొరికింది అనుకున్నాను. ఇదే లోపం, ముత్తయ్య బయటపడ్డాడు... టార్చి వేసి కాగితం మీదికి వంగాను.

తెల్లగా ఉంది.

అక్షరం లేదు. చుక్క లేదు. యంత్రం సిరా చిమ్మింది, నేను విన్నాను. ఎదురుగా జానెడు దూరంలో కాగితం. మధ్యలో ఏమీ లేదు. మరి ఆ సిరా... దేని మీద పడింది?

'చిర్ర్...' 488.

ఈసారి రెప్ప వేయలేదు. కాగితం తెల్లగానే ఉంది. కానీ వాసన. పచ్చి సిరా ఘాటు. అది యంత్రం దగ్గర ఆగలేదు... నా ముఖం ముందుగా కదిలింది... మెల్లగా... తలుపు వైపు.

489... 490... ఒక్కొక్కటీ మనిషి నాలుగడుగులు వేసేంత ఎడంలో.

ముత్తయ్య వైపు చూశాను. అతను అరవలేదు, లేవలేదు. చాపిన కాళ్లు దగ్గరికి ముడుచుకున్నాడు. బస్సులో ఎవరైనా దాటబోతే ముడుచుకుంటామే... అలా.

493 దగ్గర ఆగింది. ఏడు.

"ఎవరు?" అన్నాను.

"నాకేం తెల్సు సారూ. దారిల కూసున్నం... కాళ్లు తియ్యాలె గదా."

తెల్లవారేదాకా ఆ కాగితాన్నే చూస్తూ కూర్చున్నాను. అది అలాగే ఇస్తే ముత్తయ్య జీపెక్కుతాడు. జరిగింది జరిగినట్టు రాస్తే నన్ను పిచ్చివాడంటారు, అయినా అతను జీపెక్కుతాడు. చివరికి లేచాను. సెన్సర్ ముందు నా వేలు ఏడుసార్లు ఆడించాను. కాగితం మీద 494 నుంచి 500 దాకా ఏడు నంబర్లు నల్లగా పడ్డాయి. రిపోర్టులో 'కారణం' అన్న చోట 'సెన్సర్ లోపం' అని రాశాను. మేనేజరు కాగితం చూశాడు, నంబర్లు చదవలేదు. వచ్చిన జీపు ఖాళీగా పోయింది.

ముత్తయ్య నన్ను గేటుదాకా సాగనంపాడు. అప్పుడు చూశాను. అతని లుంగీ అంచున, మోకాలి దగ్గర, బొటనవేలంత నల్లటి మరక. అంకె కాదు, ఏదో ఒరుసుకుంటూ పోయినట్టు ఒక చార.

"ఇదేంటి?"

"మొదటిదానికి కాళ్లు జర ఆలిస్యంగ తీసిన సారూ."

యంత్రానికీ అతను కూర్చున్న చోటికీ పన్నెండు అడుగులు. నేనే కొలిచాను. మా సిరా రెండు సెకన్లలో ఆరిపోతుంది. అప్పటికి రాత్రి గడిచి ఎండ వచ్చింది. మరక మీద వేలు పెట్టి చూశాను.

వేలికి అంటింది.

ఆ సెన్సర్ ఊడదీసి వెంట తెచ్చుకున్నాను. నా బల్ల సొరుగులో ఉంది. ఎన్నిసార్లు పరీక్షించానో డైరీలో ఉంది. ఏ లోపమూ దొరకలేదు.