కొల్లేటికోటలో దొరికిన కోర్

రిటైర్మెంటుకు రెండేళ్ల ముందు నన్ను సీనియర్ జియాలజిస్టుగా ఏలూరు వేశారు. తాడేపల్లిగూడెం దగ్గర చమురు కోసం కొత్త బావి ఎక్కడ వేయాలో తేల్చడం నా పని.

ఈ డెల్టా కింద నేల ఒకప్పుడు చీలి కుంగింది. సముద్రం రాకముందే నదులు ఆ పల్లంలోకి ఇసుక, గులకరాళ్లు తెచ్చి పోశాయి. పోసేకొద్దీ అది ఇంకా కుంగింది. ఇలా నిండిన పల్లాన్ని మేం బేసిన్ అంటాం. మా పేచీ అంతా ఆ చీలిక దగ్గరే. కొత్త బావి స్థలం పక్కనే చీలిక ఉంది, చమురు దానికి అవతలే ఆగి ఉంటుంది, బావి అక్కడే వేయాలి అని నేను. చీలికే లేదని మా చీఫ్. ఆయన మాట నెగ్గితే వట్టి బావి వేసి చేతులు దులుపుకోవాలి.

నా దగ్గర సాక్ష్యం ఒక్కటే. పదేళ్ల కిందట అక్కడికి దగ్గర్లోనే వేసిన బావిలో నేను దగ్గరుండి తీయించిన కోర్. కోర్ అంటే భూమి లోపలి నుంచి గుండ్రంగా కోసి తీసిన రాతి కడ్డీ. అందులో ఒక ముక్క ఏటవాలుగా తెగి, తెగిన ముఖం అద్దంలా నున్నగా ఉండేది. చీలిక వెంట రాయి మీద రాయి ఒరుసుకుంటూ జారితేనే అలా అవుతుంది.

తాడేపల్లిగూడెంలో మా కోర్ షెడ్డు తలుపు తీస్తే లోపల సిమెంటు బస్తాలు. పెట్టెలేవని అడిగితే, పనికిరానివని ఖాళీ చేశామనీ, చీఫ్ గారే సంతకం పెట్టారనీ స్టోర్స్ ఆఫీసరు చెప్పాడు. "రాళ్లే కదా మేడం" అన్నాడు. ఆ మాట నాకు ఇప్పటికీ మింగుడుపడదు. నాకు ఒళ్లు మండిపోయింది. కోట్ల ఏళ్ల కథను పైకి తీయడానికి ఎంత కష్టపడ్డామో, ఫైలు తిప్పకుండా సంతకం చేసిన ఆ పెద్దమనిషికి ఏం తెలుసు!

సిమెంటు తెచ్చిన లారీ తిరుగు ప్రయాణంలో వాటిని కొల్లేటికోట తీసుకెళ్లి, చేపల చెరువు గట్టు మీద గుంతల్లో పోసిందట. మర్నాడే వెళ్లాను. చాలా భాగం బురదలో దిగిపోయింది. మిగిలినవి ఊళ్లోవాళ్లు ఏరుకున్నారు. కొల్లేట్లో రాయి దొరకడమే గగనం. చెరువు దగ్గర చేపలు కోసే రాహేలమ్మ తన ఇంటికి తీసుకెళ్లింది.

"మీ రాళ్లాండీ ఇవి? కత్తులకి భలే పదునొస్తాదండి. మా పేటంతా వీటి మీదే నూరుకుంటన్నామండి" అంది.

వాకిట్లో నాలుగైదు ముక్కలున్నాయి. నూరి నూరి మధ్యలో గుంటలు పడ్డాయి. ఒక్కోటీ తిప్పి చూశాను, ఏదీ నాకు కావలసింది కాదు. ఆఖరిది తిప్పాను. లోతు రాసిన తెల్లరంగు అంకెలు అలాగే ఉన్నాయి. ఆ వాలు ముఖం మీద కత్తి గాటు ఒక్కటీ లేదు. ఎందుకు లేదని అడిగాను.

"ఆ నున్నటి పక్క ఎందుకూ పనికిరాదండీ. కత్తి జారిపోతాది. అందుకే అటు ముట్టుకోలేదండి."

ఇచ్చేసింది గానీ, మరి తన కత్తి మొద్దుబారితే ఎలాగని అడిగింది. న్యాయమైన ప్రశ్న. ఏలూరు బజారులో మంచి సానరాయి కొని పంపాను. ఆఫీసుకు బిల్లు పెడితే, సానరాయి జియాలజీ సామాను కాదని తిప్పి పంపారు.

మీటింగులో ఆ ముక్కను చీఫ్ గారి ముందు పెట్టాను. వేలితో నిమిరి, అంకెలు చదివి, పెన్సిలు అందుకున్నారు. మ్యాపులో చీలిక గీశారు. బావి స్థలం మారింది. అంతవరకు బాగానే ఉంది. తీరా రిపోర్టు చూస్తే "మా షెడ్డులో భద్రపరచిన కోర్ ఆధారంగా" అని ఉంది. సంతకం పెట్టనన్నాను. పని అయిపోయింది కదా, ఇప్పుడు ఈ రభస ఎందుకని ఆయన విసుక్కున్నారు. మూడోసారి వెనక్కి పంపాక "కొల్లేటికోటలో ఒక ఇంటి నుంచి తిరిగి సేకరించిన" అని మార్చారు.

కోర్ పారేయమనే సంతకం, పెట్టె తెరిచి దాన్ని చదివినవాళ్లే పెట్టాలి. ఈ వ్యవహారంలో నేను నేర్చుకున్నది అంతే. మాకు దక్కిన ఆ ఒక్క ముక్కయినా కత్తి నూరడానికి పనికిరాక దక్కింది. మిగతాది చాలావరకు ఆ గట్టు కిందే ఉంది, దాని మీదుగా చేపల లారీలు తిరుగుతున్నాయి.