నాయినకు కంఠతా వచ్చిన పాఠం

ఆ రోజుల్లో పిల్లల చదువులో తల్లిదండ్రులు చెయ్యి కలపడం అంటే ఏమిటో కొత్తగూడెంలోని మా బొగ్గుగని క్వార్టర్లలో ఎవరికీ తెలియదు. జూన్‌లో బడిలో వేయడం, ఏప్రిల్‌లో పాసయ్యారా అని అడగడం, మధ్యలో ఎప్పుడైనా గుర్తొస్తే వీపు మీద ఒకటి వేయడం, అంతే. ఇప్పటిలా వాట్సాప్ గ్రూపులు లేవు, ప్రాజెక్టు పేరుతో అమ్మానాన్నలు రాత్రంతా థర్మోకోల్ కోయడాలూ లేవు. (ఈ థర్మోకోల్ పాపంలో నాకూ వాటా ఉంది, నేనిప్పుడు సైన్సు టీచర్ని.) అలాంటి కాలంలో మా క్వార్టర్ల లైను మొత్తంలో కూతురు చదువుతుంటే రోజూ ఎదురుగా కూర్చున్న తండ్రి మా నాయిన ఒక్కడే. అది నా అదృష్టమని ఇప్పుడు అంటున్నాను గానీ, ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు అంతకు మించిన దురదృష్టం ఇంకోటి లేదనుకునేదాన్ని.

నాయిన బాయిలో టింబర్‌మన్. మా దగ్గర బొగ్గుగనిని బాయి, అంటే బావి అనే అంటారు, చేద వేసే పని లేకపోయినా. భూమి లోపల పైకప్పు కూలకుండా కర్ర దిమ్మెలు నిలబెట్టడం ఆయన పని. దిమ్మె పెట్టే ముందు చేతిలో ఉన్న పొడుగు కర్రతో పైకప్పును కొట్టి చూస్తారు. ఖంగుమని మోగితే గట్టి రూఫు, కింద నిలబడవచ్చు. డొల్లగా మోగితే పైన బండ వదులైందని అర్థం, అక్కడినుంచి జరిగిపోవాలి. పదిహేడేళ్లు ఆ చప్పుడు విని బతికినవాడు కాబట్టి నాయినకు చెవి మీద నమ్మకం ఎక్కువ. కొబ్బరికాయనూ, కుండనూ, కొత్తగా వచ్చిన పాస్టరు గారి ప్రసంగాన్నీ అలాగే విని తేల్చేసేవాడు. ఎనిమిదిలో నన్ను ఇంగ్లీష్ మీడియంలో చేర్చాక నా చదువునూ అలాగే విందామని నిర్ణయించుకున్నాడు. తనకు చదువు రెండో తరగతి దాటలేదు, ఇంగ్లీషు అక్షరం ముక్క రాదు. అయినా ఫర్వాలేదట. వచ్చినవాళ్లు చెబితే మాట గట్టిగా ఉంటుందట, రానివాళ్లు చెబితే డొల్లగా ఉంటుందట. అది ఏ భాషైనా ఒకటేనట.

మొదటి షిఫ్టు చేసి వచ్చి, స్నానం చేసి, చాయ్ తాగి, సాయంత్రం గుమ్మం ముందు నులక మంచం మీద కళ్లు మూసుకుని కూర్చునేవాడు. నేను ఎదురుగా నిలబడి ఆ రోజు పాఠం అప్పజెప్పాలి. జూన్‌లో మొదటి రోజు సైన్సులో మొదటి పాఠం చెప్పాను. మొక్కలు ఆహారం తయారు చేసుకోవడం గురించి. గ్రీన్ ప్లాంట్స్ ప్రిపేర్ దెయిర్ ఫుడ్ ఇన్ ద ప్రెజెన్స్ ఆఫ్ సన్‌లైట్ అంటూ రెండు పేజీలు ఎక్కడా ఆగకుండా చదివాను. కంఠతా పట్టడంలో నన్ను కొట్టేవాళ్లు లేరు. సండే స్కూల్లో వాక్యాల పోటీ ఎప్పుడు పెట్టినా స్టీలు గిన్నె మా ఇంటికే వచ్చేది. (మా అమ్మ ఆ గిన్నెలు వాడేది కాదు, వచ్చినవాళ్లకు చూపించడానికి షెల్ఫులో పేర్చేది.) నాయిన కళ్లు తెరిచి, "గట్టిగున్నది బిడ్డ" అన్నాడు. నేను ఎగురుకుంటూ ఆడుకోవడానికి పోయాను.

రెండో రోజు రెండో పాఠం. సగంలో తడబడ్డాను. నాయిన కళ్లు తెరవకుండానే, "గీడ డొల్లగున్నది, మల్ల చెప్పు" అన్నాడు. మళ్లీ చెప్పాను. "ఇంకా డొల్లనే." చీకటి పడేదాకా అదే పని. అవతల నా స్నేహితురాళ్లు కచ్చకాయలు ఆడుతున్న కేరింతలు వినపడుతున్నాయి. మూడో రోజు నాకు జ్ఞానోదయమైంది. మళ్లీ మొదటి పాఠమే చెప్పాను. "గట్టిగున్నది" అన్నాడు. నాలుగో రోజూ అదే. ఆ తర్వాత నాలుగు నెలలూ అదే. మరీ ఒకేలా ఉంటే దొరికిపోతానని ఒక రోజు మూడో పేరాతో మొదలుపెట్టేదాన్ని, ఒక రోజు చివరి పేరాతో. సోషల్ చెప్పమంటే అదే సైన్సు పాఠాన్ని కొంచెం గంభీరంగా చెప్పేదాన్ని. ఇంగ్లీషైతే కాస్త రాగం తీసేదాన్ని. లెక్కలకు మాత్రం వేళ్లు మడుస్తూ చెప్పేదాన్ని. పాపం నాయిన, అన్నింటికీ తలూపేవాడు. బాయిలో దిగేటప్పుడు తోటివాళ్లకు "మా బిడ్డ ఇంగ్లీషుల దంచుతది" అని చెప్పుకునేవాడని అమ్మ అనేది. అప్పుడు మాత్రం రేపటినుంచి కొత్త పాఠమే చెప్పాలనుకునేదాన్ని. మర్నాడు సాయంత్రం కచ్చకాయల చప్పుడు వినపడగానే ఆ అనుకోవడం ఎగిరిపోయేది.

చేసిన పాపం చెబితే పోతుందంటారు గానీ, నా విషయంలో క్వార్టర్లీ పరీక్షలు వచ్చాకే అది బయటపడింది. సైన్సులో నూటికి పదకొండు. లెక్కలూ సోషలూ దాని తోబుట్టువుల్లాగే ఉన్నాయి. దసరా సెలవుల తర్వాత పేరెంట్స్ మీటింగు పెట్టారు. మూడు సబ్జెక్టులు పోయినవాళ్ల తరఫున ఎవరూ వచ్చి మాట్లాడకపోతే టీసీ ఇచ్చి పంపుతామని పెద్ద టీచర్ చీటీలు ఇచ్చింది. అమ్మ ఒక్కతే వస్తే చాలని నేను ఎన్నో రకాలుగా చెప్పి చూశాను. నాయినకు షిఫ్టు పోతుందన్నాను, అక్కడంతా ఆడవాళ్లే ఉంటారన్నాను. నాయిన వినలేదు. రోజూ పాఠాలు వింటున్నది తానైతే అమ్మ వచ్చి ఏం మాట్లాడుతుందని అడిగాడు. టీసీ సంగతి నాకు అంత పట్టలేదు. నాలుగు నెలలుగా కళ్లు మూసుకుని నన్ను నమ్మిన మనిషి అక్కడ అందరి ముందూ కళ్లు తెరుస్తాడే, నా భయమంతా దాని గురించే.

మీటింగు రోజు నాయిన సెలవు పెట్టి, చర్చికి వేసుకునే తెల్లచొక్కా వేసుకుని, నన్ను సైకిలు మీద ఎక్కించుకుని వచ్చాడు. ఎంత రుద్ది కడిగినా కళ్ల చుట్టూ బొగ్గు గీత మాత్రం కాటుకలా ఉండిపోయేది. క్లాసులో మొదటి బెంచీ మీద ఎవరూ కూర్చోరు, నాయిన వెళ్లి అక్కడే కూర్చున్నాడు. మోకాళ్లు పట్టక పక్కకు తిప్పుకున్నాడు. మా సైన్సు టీచర్ చేతిలో ఎప్పుడూ అడుగు బద్ద ఉండేది కాబట్టి ఆమెను మేము స్కేలు టీచర్ అనేవాళ్లం. ఆమె ఒక్కొక్కరినీ పిలిచి కార్డు చూపించి సంతకం పెట్టించుకుంటోంది. తల్లులు "జర కొట్టి చెప్పున్రి టీచర్" అని ఆమెకే అధికారం ఇచ్చేసి వెళ్లిపోతున్నారు. మా వంతు వచ్చింది. పదకొండు చూసి నాయిన కార్డును వెనక్కి తిప్పాడు, మళ్లీ ముందుకు తిప్పాడు.

"టీచర్, మార్కులు ఎయ్యంగ ఏమన్న తేడా వచ్చిందేమో జర చూడుండ్రి. మా బిడ్డ రోజు నాకు పాఠం చెప్తది" అన్నాడు, చాలా మర్యాదగా. స్కేలు టీచర్ కూడా మర్యాదగానే, ఏం పాఠం చెబుతుందో మీకు తెలుసా అని అడిగింది. అప్పుడు నాయిన లేచి నిలబడ్డాడు. చర్చిలో వాక్యం చెప్పేటప్పుడు నిలబడినట్టు చేతులు కట్టుకున్నాడు, కళ్లు మూసుకున్నాడు. "గ్రీన్ ప్లాంట్స్ ప్రిపేర్ దెయిర్ ఫుడ్" అని మొదలుపెట్టాడు.

ఆగలేదు. మొదటి పేరా అయింది, రెండో పేరా అయింది, ఆకుపచ్చ పదార్థం గురించిన పొడుగాటి వాక్యం కూడా వచ్చింది. నేను ఊపిరి తీసుకునే చోటే ఊపిరి తీసుకున్నాడు. నేను పలకడం చేతకాక మింగేసే మాటను తనూ నాలాగే మింగేశాడు. బయటికి వెళ్లబోయిన తల్లులు గుమ్మంలోనే ఆగిపోయారు. టీచర్ స్కేలు బల్ల మీద పెట్టేసింది. బొగ్గుబాయి నుంచి వచ్చిన మనిషి నోట ఎక్కడా తడబడకుండా రెండు పేజీల ఇంగ్లీషు! పాఠం అయిపోయాక నాయిన కళ్లు తెరిచి, "గిదంతా దీనికి వస్తది టీచర్. ఇని ఇని నాకే వచ్చింది" అన్నాడు.

టీచర్ నావైపు చూసింది. ఆమెకు అర్థమైపోయింది. ఎంతో నెమ్మదిగా, అది మొదటి పాఠమనీ, జూన్‌లోనే అయిపోయిందనీ, ఇప్పుడు ఏడోది నడుస్తోందనీ చెప్పింది. నాయిన నావైపు తిరిగాడు. ఆ తర్వాత నన్ను సోషల్ చెప్పమన్నాడు. నేను తల దించుకుని కాలి బొటనవేలితో నేల గీయడం మొదలుపెట్టాను. "గది గూడ గిదేనా బిడ్డ?" అన్నాడు. తలూపాను. ఇంగ్లీషు? అదీ అంతే. గుమ్మంలో ఎవరో కిసుక్కుమన్నారు. నాయిన నా చెంప పగలగొడతాడనుకున్నాను. అలా జరిగితే బాగుండునని నాకు గట్టిగా అనిపించింది కూడా. ఆయన నన్ను చూడలేదు, టీచర్ని చూశాడు.

"నేనేమనుకున్ననంటే టీచర్, ఇంగ్లీషుల గవే మాటలు తిప్పితిప్పి వస్తయేమో అనుకున్న. తప్పు దానిది కాదు, నాది. రూఫు కొట్టి చూసేటోడు మూరమూరకు కొట్టుకుంట పోవాలె. నేను నాలుగు నెలలు ఒక్కకాడనే కొట్టి, గట్టిగున్నదని కింద నిలబడ్డ."

ఆ మాటకు ఎవరూ నవ్వలేదు. నాకు ఏడుపొచ్చింది. నాయిన అంతటితో వెళ్లిపోతాడనుకున్నాను గానీ మళ్లీ అదే బెంచీలో మోకాళ్లు ఇరికించుకుని కూర్చున్నాడు. తనకు చదువు రాదనీ, రోజూ కూర్చోవడానికి మాత్రం సిద్ధమనీ, ఏం అడగాలో చెబితే అదే అడుగుతాననీ అన్నాడు. అలా స్కేలు టీచర్ని అప్పటిదాకా ఏ తల్లీ, ఏ తండ్రీ అడిగి ఉండరు. ఆమె కాసేపు ఆలోచించి, "ఇంగ్లీషులో చెప్పించుకోకండి. చదివింది ఏంటో తెలుగులో చెప్పమనండి. మీకు అర్థమయ్యేదాకా వదలకండి" అంది. టీసీ సంగతి యాన్యువల్ పరీక్షల దాకా ఆపమని పెద్ద టీచర్‌తో తనే మాట్లాడింది.

తిరిగొచ్చే దారిలో నాయిన ఎప్పుడూ ఆగే బండి దగ్గరే ఆగి, ఎప్పట్లాగే మిర్చి బజ్జీలు ఇప్పించాడు. ఆ బజ్జీలో కారం ఎక్కువైందని చెప్పి నేను ఇంటిదాకా ఏడ్చాను. సాయంత్రం మళ్లీ నులక మంచం. ఈసారి కళ్లు తెరిచే కూర్చున్నాడు.

"గా మొదటి పాఠంల ఏమున్నది? నాలుగు నెలలు ఇన్న, ఏమున్నదో నాకు తెల్వాలె గద" అన్నాడు.

నాకూ తెలియదు. రెండు పేజీలు నిద్రలో లేపినా చెప్పగలను గానీ, అందులో ఏముందో ఒక్క ముక్క చెప్పలేకపోయాను. డిక్షనరీ తిరగేసి, స్కేలు టీచర్ని అడిగి, మూడు రోజులు కుస్తీ పట్టాను. మూడో రోజు సాయంత్రం జామచెట్టు ఆకు ఒకటి తెంపుకొచ్చి, ఇది ఎండను పట్టుకుని తిండి వండుకుంటుందని చెప్పాను. చీకటి పడితే వంట బంద్ అన్నాను. నాయిన ఆకును అటూ ఇటూ తిప్పి చూసి, "అంటే చెట్లకు పొద్దుగాల షిఫ్టే అన్నట్టు" అన్నాడు. తర్వాత ఇంకోటి అడిగాడు. బొగ్గు కూడా ఒకప్పుడు అడవేనని బాయిలో పెద్దసార్లు అంటారట. మరి ఆ చెట్లు తిన్న ఎండ ఎటుపోయింది?

మర్నాడు స్కేలు టీచర్ని అడిగాను. ఆమె నన్ను ఎగాదిగా చూసి, ఎక్కడికీ పోలేదు, బొగ్గులోనే ఉంది, కాలిస్తే బయటికి వచ్చేది అదే అంది. బడి నుంచి పరుగెత్తుకొచ్చాను. నాయిన అప్పుడే షిఫ్టు దిగి వచ్చి బూట్లు విప్పుతున్నాడు. నేను చెప్పింది విని, ఒక బూటు చేతిలో పట్టుకునే లేచి నిలబడ్డాడు. తర్వాత లోపలికి కేకేసి, "ఇన్నవా, నేను ఇన్నేండ్లు తవ్వుతున్నది పాత ఎండనట. మరి చెమట రాకుంటదా" అని అమ్మకు చెప్పాడు. మీటింగు తర్వాత ఆయన నవ్వడం అదే మొదటిసారి. చదువంటే ఇంత బాగుంటుందా అని నాకనిపించడం కూడా అప్పుడే. ఏప్రిల్‌లో సైన్సుకు యాభై నాలుగు వచ్చాయి. నాయిన కార్డు తీసుకుని వేలి మెటికతో దాన్ని రెండు మూడు చోట్ల కొట్టి చూసి, అప్పుడు సంతకం పెట్టాడు.

ఇప్పుడు నేను దమ్మపేట అవతల అడవి అంచున ఉన్న సర్కారు బడిలో పనిచేస్తున్నాను. మీటింగుకు వచ్చిన తల్లిదండ్రులు గుమ్మం దగ్గరే నిలబడి, మాకేం తెలుసు మేడం అంటారు. కొందరి ఇళ్లలో తెలుగు కూడా మాట్లాడరు, కోయ భాషలో మాట్లాడుకుంటారు. మీకేమీ తెలియనక్కర్లేదు, పిల్లల్ని మీ మాటలో చెప్పమనండి, మీకు అర్థం కాకపోతే వాళ్లకు రానట్టే అని చెబుతాను. నాయిన రూఫు కథ కూడా చెబుతాను, ఎవరి కథో చెప్పను. ఈ విషయంలో నాకు మండలంలో మంచి పేరే ఉంది. మొన్న ట్రైనింగులో నన్నే నిలబెట్టి అరగంట మాట్లాడించారు.

ఆ ట్రైనింగు నుంచి ఇంటికొచ్చిన సాయంత్రం సంగతి ఇది. ఆరో తరగతి చదువుతున్న మా పాప నా ఎదురుగా నిలబడి పాఠం అప్పజెబుతోంది. నేను ఫోనులో ట్రైనింగు ఫోటోలు చూసుకుంటూ, ఆ, ఆ, వెరీ గుడ్ అంటున్నాను. పాప ఎక్కడా ఆగకుండా గడగడా చెప్పేసింది. రిటైరై మా దగ్గరే ఉంటున్న నాయిన మూలన కుర్చీలో కళ్లు మూసుకుని ఉన్నాడు. నిద్రపోతున్నాడనుకున్నాను.

"బిడ్డ, అది నిన్న గూడ గదే చెప్పింది. మొన్న గూడ గదే" అన్నాడు కళ్లు తెరవకుండా.

ఫోను పక్కన పెట్టేశాను. పాప తాతను ఎంత కోపంగా చూసిందంటే, నాకు నవ్వూ, సిగ్గూ ఒకేసారి వచ్చాయి. తెలుగులో చెప్పు, ఏముంది అందులో అని అడిగాను. అది తల దించుకుని కాలి బొటనవేలితో నేల గీయడం మొదలుపెట్టింది. ఆ వేలు, ఆ గీత, అన్నీ నావే. నాయిన కుర్చీ చేతిని మెటికతో రెండుసార్లు నెమ్మదిగా కొట్టాడు. ఒకసారి పాప వైపు చూసి, రెండోసారి నావైపు చూసి.