చీటీలో వచ్చిన పక్షం

లరెంతుకి కోపం ముక్కు మీదే ఉంటుందని ఇటలీలోని సార్డీనియా దీవి కొండల్లో కాపరులందరికీ తెలుసు. వయసు అరవై రెండు. జున్ను చేస్తాడు, గొర్రెల్ని తిడతాడు, పండగ వేదికల మీద ఆశువుగా పద్యం కడతాడు. ముప్ఫై ఏళ్లుగా ఎదుటి కుర్చీలోంచి అతనికి పద్యంతోనే జవాబిచ్చేది స్నేహితుడు ఎఫిసు. ఎఫిసు మందను మేపే అర్వు కొండే ఇద్దరి కవిత్వానికీ పుట్టినిల్లు. అక్కడి ఊటో, రాళ్ల దొడ్డో తగలనిదే వాళ్లకు పద్యం పూర్తికాదు.

ఆ కొండను ఎఫిసు గాలిమరల కంపెనీకి అమ్మేశాడు. ఆ సంగతి లరెంతుకి మంగలి దుకాణంలో తెలిసింది. సగం గీసిన గడ్డంతోనే లేచి వచ్చేశాడు. రెండు నెలలు మాటల్లేవు. పండగనాడు జనంలోనే కడిగేద్దామని పళ్లు నూరుకుంటూ వేదికెక్కాడు.

కమిటీవాళ్లు తక్కువవాళ్లా? కావాలనే పద్యాల పోటీకి ఆ విషయమే ఇచ్చారు. నేల అమ్ముకున్నవాడి పక్షం ఒకరిది, అమ్మను అనేవాడి పక్షం మరొకరిది. ఎవరికేదో చీటీ తేలుస్తుంది. వచ్చిన పక్షం మనసుకు నచ్చకపోయినా నిలబెట్టాలి, అదే కవి పరువు.

లరెంతుకి అమ్ముకున్నవాడి పక్షం వచ్చింది.

"వీడి తరఫున నేను పాడాలా? నా నోరు పడిపోనూ," అన్నాడు కమిటీ పెద్ద జువన్నేతో.

"పడిపోయే నోరైతే ఇన్నేళ్లు మమ్మల్నెందుకు తినేసింది మావా? కూర్చో."

కావాలని చెడగొట్టి పాడదామనుకున్నాడు. చేతకాలేదు. అరిగిన మోకాళ్లు, అడిగేవాడు లేని పాలు, మంచం పట్టిన భార్య రోజలియా, అంబులెన్సు ఎక్కలేని దారి. ఎఫిసు ఇంటి కష్టాల్లో అతనికి తెలియనిదేముంది? పద్యం పద్యానికీ చప్పట్లు మోగాయి, అతనికి ఒళ్లు మరింత మండింది.

ఎఫిసు లేచాడు. ఊట పేరు చెప్పాడు, దొడ్డి పేరు చెప్పాడు, మంద ఎక్కే వరసలో ఒక్కో బండ పేరూ చెప్పాడు. పద్యానికుండే ఎనిమిది పాదాల్లో ఆరు అయ్యాయి. ఏడోది రాలేదు. వెనక వంత పాడే ముగ్గురూ కాసేపు శ్రుతి పట్టి, వాళ్లూ ఆపేశారు. జనంలో ఈలలు మొదలయ్యాయి.

లరెంతు అతని వైపు వంగాడు. "అమ్మేముందు నాతో ఒక్కమాట అనలేకపోయావురా?"

"అంటే అమ్మనిచ్చేవాడివా?"

"ఇవ్వను."

"రోజలియాకి ఆసుపత్రి దగ్గర ఇల్లు కావాలి. అది నీ పద్యాల్లోంచి వస్తుందా?"

"నీకోసం నా మంద అమ్మేవాణ్ణి. నీకు తెలుసు."

"తెలుసు. అందుకే చెప్పలేదు."

లరెంతుకి ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. లేచి నిలబడి, గొంతు పగిలేలా, ఎఫిసు పద్యంలో మిగిలిన రెండు పాదాలూ తనే పాడేశాడు. ఎదుటి పక్షానికి పాదం అందిస్తే పోటీ ఓడినట్టే. ఓడిపోయాడు. ఎఫిసుని మాత్రం ఈనాటికీ క్షమించలేదు, ఇంకొకడి ఎదుట కూర్చుని పద్యమూ చెప్పలేదు.